ఆటలోని మంత్రపు చుట్ట

బల్లచుట్టును నలుగురైదుగురు కూర్చుండి, కాగితము, పెన్సిలు, పాచికలు ముందుంచుకొని, నోటిమాటతోనే కథను నడుపుచు ఆడెడు ఆట యొకటి గలదు. ఆంగ్లమున దానికి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అని పేరు. నేలమాళిగలు, మహాసర్పములు అని అర్థము చెప్పుకొనవచ్చును. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు అమెరికనులు రచించిన యీ యాట 1974వ సంవత్సరమున విస్కాన్సిన్ రాష్ట్రములోని లేక్ జెనీవా యను చిన్న పట్టణమునుండి మూడు చిన్న పుస్తకములుగా వెలువడినది. అటుపిమ్మట దాని నియమములు పలుమారులు మారినవి. మేమిచ్చట వివరించునవి 2014లో వచ్చిన అయిదవ కూర్పులోనివి. ఆ కూర్పునే సవరించి 2024లో మరల ప్రకటించిరి గనుక, ఆడబోవువారు తమ చేతనున్న పుస్తకమును ఒకసారి చూచుకొనుట మంచిది. పాత కూర్పుల మాట వచ్చినచోట పాతదని చెప్పెదము.

ఈ యాటను క్రొత్తగా మొదలిడిన విద్యార్థులు ఎక్కువగా చిక్కుపడునది మంత్రపు చుట్ట విషయమున. దీనిని ఎవరు చదువగలరు? ఎన్ని మారులు చదువవచ్చును? చదివినంత మాత్రమున మంత్రము నేర్చుకొన్నట్లగునా? తలిదండ్రుల ప్రశ్న వేరు. మంత్రతంత్రములు గల యాట మా పిల్లవానికేల, అది పాఠశాలలో నేర్చుచున్న దానికి విరుద్ధము గాదా యని వారడుగుదురు. చుట్ట యెట్లు పనిచేయునో చక్కగా తెలిసినచో ఈ రెండవ ప్రశ్నకు గూడ చాలవరకు సమాధానము దొరకునని మా తలంపు. కావున ముందు ఆటను, పిదప ఆ ప్రశ్నను చూతము.

చుట్ట యనగానే మన డెల్టా వాసులకు లంక పొగాకు చుట్ట జ్ఞప్తికి వచ్చును. మేము చెప్పునది తెలుగు బైబిలునందు ప్రాచీన గ్రంథములకు వాడిన చుట్ట, అనగా వ్రాసి చుట్టిపెట్టిన తోలు గాని కాగితము గాని. అయినను పొగాకు చుట్టతో పోలిక బొత్తిగా తప్పు గాదు. ఒకసారి వెలిగించిన పిదప రెంటను మిగులునది బూడిదయే.

ఆట నడచు విధము కొంచెము తెలియవలెను. ఆడువారిలో ఒకరు కథను నడుపుదురు. ఆంగ్లమున వారికున్న పేరు పొడుగు. మేము సూత్రధారి యని వ్రాసెదము. కూచిపూడి భాగవతులలో సూత్రధారి తాళము చేబూని, పాత్రలను రంగమునకు పిలిచి, వారితో సంభాషించుచు కథ నెట్లు సాగించునో, ఈ యాటలో సూత్రధారియు అట్లే చేయును. మిగిలినవారు ఒక్కొక్క పాత్రను ధరింతురు. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు రోగములు మాన్పు అర్చకురాలు, ఒకరు దొంగ. వైకుంఠపాళిలో ఏ గడియందు పాము ఉన్నది, ఏ గడియందు నిచ్చెన ఉన్నది పటముమీదనే యుండును. ఆటగాడు గవ్వలు వేయుట తప్ప చేయగలది లేదు. ఇందట్లు గాదు. తలుపు తెరచెదవా, వెనుకకు మరలెదవా యని సూత్రధారి యడుగును. ఆటగాడు తలచినది చెప్పును. ఫలితము సందేహమైనచో ఇరువది ముఖముల పాచికను వేసి నిర్ణయింతురు.

ఇక మంత్రముల సంగతి. ఆటలోని మంత్రములు మన పాఠశాలవలెనే తరగతులుగా విభజింపబడినవి. మొదటి తరగతి మొదలు తొమ్మిదవ తరగతి వరకు గలవు. మాంత్రికుడు దినమునకు ఇన్ని మంత్రములని లెక్కగా పలుకగలడు. లెక్క తీరిన పిదప విశ్రమించి లేచువరకు ఊరకుండవలసినదే. ఈ యేర్పాటు జాక్ వాన్స్ అను రచయిత 1950లో ప్రకటించిన 'ది డైయింగ్ ఎర్త్' అను కథల పుస్తకమునుండి వచ్చినది. అందు మాంత్రికుడు మంత్రమును కష్టపడి కంఠస్థము చేయును. పలికిన క్షణముననే అది మనస్సునుండి తుడిచిపెట్టుకొని పోవును. పరీక్షకై బట్టీపట్టి, పరీక్ష యైన సాయంకాలమే సర్వము మరచు విద్యార్థులకు దీనిని మేము వేరుగ వివరింప నక్కరలేదు. అయిదవ కూర్పున మంత్రము మరపునకు రాదు గాని, పలుకుటకు వలయు శక్తి మాత్రము ఆ దినమునకు తరుగును.

మంత్రపు చుట్ట ఈ లెక్కకు వెలుపలిది. ఇంటి కుండలోని నీరు ముట్టకుండ, ఎవరో నింపియిచ్చిన ముంతలోని నీరు త్రాగినట్లు, చుట్టను చదివినవాడు తన శక్తిని వ్యయపరచడు. మరియెవరో వ్రాసి అందు నిలువచేసిన మంత్రమును విడుదల చేయును. మామూలుగా మంత్రమునకు వలయు మూలికలు, పొడులు మొదలైన సామగ్రియు అక్కరలేదు. పోరాటము నడుమ నైనను, ఆరు సెకండ్ల విడతలో తన వంతు వచ్చినపుడు చదువవచ్చును. చదివిన వెంటనే మంత్రము ఫలించును, అక్షరములు మాయమగును, చుట్ట పొడియై రాలును. విజయవాడలో కొన్న మచిలీపట్టణపు రైలు టిక్కెట్టు ఒక్క ప్రయాణమునకే చెల్లునుగదా! చుట్టయు నంతే. చెల్లిన టిక్కెట్టు జేబులో మిగులును, చుట్ట యదియు మిగులదు.

ఎవరు చదువగలరు? ఇచ్చటనే క్రొత్తవారు పొరబడుదురు. ఉదాహరణము చూడుడు. మన నలుగురు పాత్రలకును నేలమాళిగలో ఒక చుట్ట దొరికినది. అందు విషమును విరుచు రెండవ తరగతి మంత్రము గలదు. యోధుడు దానిని విప్పి చూచిన పిచ్చిగీతలవలె తోచును. మాంత్రికుడు అందరిలో చదువరి గనుక అతనికి తెలియుననుకొందుము. తెలియదు. ఏలయన, ప్రతి వృత్తికిని వారు పలుకదగిన మంత్రముల పట్టిక వేరుగ నున్నది. విషము విరుచు మంత్రము అర్చకురాలి పట్టికలో నున్నది, మాంత్రికుని పట్టికలో లేదు. తన పట్టికలో లేని మంత్రపు చుట్ట ఎంతటి పండితునికైనను అర్థము గాదు. కావున ఆ చుట్టను ఆమె సంచిలో నుంచవలెను. చుట్ట కనబడగానే మాంత్రికునికిచ్చి కథలో ముందునకు పోవు బాలురు, పాము కరచిన వేళ దానిని తెరచి తెల్లబోవుదురు. పాత కూర్పులలో నియమము ఇంకను కఠినము. 1974 నాటి యాటలో మాంత్రికునికే యైనను, లిపి తెలియుటకు వేరొక మంత్రమును ముందు పలుకవలసి యుండెను. చదువుటకే ఒక మంత్రమన్నమాట! అయితే ఏ వృత్తివారైనను చదువదగిన రక్షణపు చుట్టలు నాడును గలవు, నేడును గలవు. చదివినవానికే శాపము తగిలించు చుట్టలను గూడ నాటి రచయితలు నడుమ నడుమ ఇరికించిరి. అదియొక పెంకితనము.

పట్టికలో నున్నను తరగతి పెద్దదైనచో ఏమగును? మాంత్రికుడు ఇంకను మొదటి మెట్టున నున్నాడు, చేతిలోనిది మూడవ తరగతి మంత్రము. అపుడతడు ఇరువది ముఖముల పాచిక వేసి, తన బుద్ధిబలమునకు నియమితమైన సంఖ్యను కలిపి, పదియు మంత్రపు తరగతియు కూడినంత మొత్తమును అందుకొనవలెను. మూడవ తరగతికి 10, 3 కలిసి 13. బుద్ధిబలపు సంఖ్య 3 అనుకొందము. పాచికపై 10 గాని అంతకు మించి గాని పడవలెను. 10 మొదలు 20 వరకు పదునొకండు ముఖములు, మొత్తము ఇరువది. నూటికి 55 పాళ్లు గెలుపు. అదే మాంత్రికుడు అయిదవ తరగతి చుట్టను చదివినచో 12 పడవలెను, నూటికి 45. తొమ్మిదవ తరగతిదైనచో 16 పడవలెను, నూటికి 25. పై తరగతుల విద్యార్థులు మిగిలిన తరగతులకు తామే లెక్క కట్టుకొనవచ్చును. గణితోపాధ్యాయులు సంతోషింతురు. పాచిక తప్పినచో అక్షరములు మాయమగును, మరియే కీడును లేదు. పాత కూర్పులలో కొన్నిట తప్పిన మంత్రము చదివినవానినే తాకుటయు గలదు.

ఇంకొక వివరము గలదు. చుట్టనుండి వెలువడు మంత్రపు బలము చదివినవాని ప్రజ్ఞనుబట్టి యుండదు, తరగతినిబట్టి ముందే నిశ్చయింపబడి యుండును. మూడవ తరగతి అగ్నిమంత్రమును చుట్టనుండి పలికినచో, దానినుండి తప్పించుకొన జూచువాడు 15 అందుకొనవలెను. చదివినది కుఱ్ఱవాడైనను, ముదుసలి యైనను అంతియే. పిల్లలకు ఇది ధైర్యమునిచ్చును, వృద్ధ మాంత్రికులకు చిన్నతనము.

ఇప్పుడు మాకు మిక్కిలి యిష్టమైన భాగమునకు వచ్చితిమి. మాంత్రికుడు తన పట్టికలోని మంత్రపు చుట్టను చదివి వ్యయపరచుటకు బదులు, తన మంత్రపు పొత్తములో ఎక్కించుకొనవచ్చును. తరగతి యొక్కింటికి రెండు గంటల కాలమును, 50 బంగారు నాణెములును పట్టును. మూడవ తరగతి మంత్రమునకు ఆరు గంటలు, 150 నాణెములు. ఇక్కడను పాచిక వేయవలెను, సంఖ్య మునుపటివలెనే పదియు తరగతియు. నెగ్గినచో మంత్రము ఎప్పటికిని అతనిదే. ఓడినచో లేదు. నెగ్గినను ఓడినను చుట్ట మాత్రము నశించును.

తాళపత్రముల నాటి మన పెద్దలు ఈ కడపటి నియమమును విన్నచో ముక్కున వేలిడుకొందురు. ఈ కృష్ణాతీరమున తాటిచెట్లకు కొదువ లేదు. ఆకులను ఉడికించి ఆరవేసి, సమముగా కోసి, గంటముతో గీసి, మసి పూసి అక్షరములు కనబడజేసి, రంధ్రములలో త్రాడు దూర్చి, పలకల నడుమ బిగించి మన పూర్వులు పుస్తకములు చేసిరి. సముద్రపు తేమకును, పురుగునకును ఆ యాకులు చిరకాలము నిలువవు. నిలిచినది ఆకు గాదు, ప్రతి. పాతది శిథిలమగు లోపల మరియొకడు కూర్చుండి క్రొత్తది వ్రాసినందుననే గ్రంథము మనవరకు వచ్చినది. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కడపలో పండితులను జీతములకు కుదిర్చి ప్రతులు వ్రాయించి, పాఠములు పోల్పించినదియు ఈ పనియే. ఆ లోకమున ఎక్కించుకొనుట మూలమును కాపాడును. ఆటలో ఎక్కించుకొనుట మూలమును చంపును.

ఈ నియమమేల? ఎక్కించుకొన్న పిదపను చుట్ట మిగిలినచో ఆటగాడు ఆలోచింపవలసినది ఏమియు నుండదు. ముందు ఎక్కించుకొనును, పిదప చదువును, రెండు లాభములు. మూలము నశించును గనుకనే ప్రశ్న పుట్టును. ఎదుట రాక్షసుడున్నాడు, స్నేహితుడు నేలబడి యున్నాడు, చుట్టను ఇప్పుడు చదివినచో వాడు బ్రతుకును. చదువక దాచినచో రేపు రాత్రి నెమ్మదిగా కూర్చుండి ఎక్కించుకొని, ఆ మంత్రమును జీవితమంతయు పలుకవచ్చును, పాచిక అనుకూలించిన యెడల. ఈ రెంటిలో ఏది మేలో పుస్తకము చెప్పదు. బల్లచుట్టు కూర్చున్న బాలురు వాదించుకొని తేల్చుకొందురు. చదరంగములో బంటునిచ్చి ఏనుగును గొనుట లెక్కకు తేలును, ఇది తేలదు. ఆట యంతటిలో ఇంత చక్కని చిక్కు మరియొకటి మాకు కనబడలేదు.

ఎక్కించుకొన్న మాంత్రికునికి ఒక ఆదరణ గలదు. తెలిసిన మంత్రమును అతడు మరల చుట్టగా వ్రాసి స్నేహితులకీయవచ్చును. 2017లో వచ్చిన అనుబంధ గ్రంథము దీనికి వెలలు నిర్ణయించినది. మొదటి తరగతి చుట్టకు ఒక దినము, 25 నాణెములు. మూడవదానికి ఒక వారము, 500. తొమ్మిదవదానికి 48 వారములు, 2,50,000. నలువది యెనిమిది వారములనగా మన పాఠశాల సంవత్సరముకంటె నెక్కువ. అంత శ్రమపడి వ్రాసినది ఆరు సెకండ్లలో బూడిదయగును.

యిర్మీయా గ్రంథము 36వ అధ్యాయమును చదివినవారికి ఇచ్చట బారూకు జ్ఞప్తికి వచ్చును. ప్రవక్త చెప్పగా అతడు వ్రాసిన చుట్టను యెహోయాకీము రాజు చాకుతో కోసి కుంపటిలో వేసెను. వ్రాత కాలెను గాని మాట పోలేదు. బారూకు వేరొక చుట్ట తీసికొని అంతయు మరల వ్రాసెను, ఇంకను కొన్ని మాటలు చేరినవి కూడ. చుట్ట చదివి వాడుకొన్నవానికి ఆటలో ఈ యవకాశము లేదు, ఎక్కించుకొన్నవానికి గలదు.

క్రొత్తవారు చేయు తప్పు మరియొకటి గలదు. దొరికిన చుట్టలనెల్ల, ఇంకను పెద్ద యాపద రానిమ్మని దాచుదురు. ఆపదలు వచ్చుచుండును, పోవుచుండును. తుదకు పాత్ర చచ్చును, సంచిలో ఏడు చుట్టలు మిగులును. వాడని చుట్ట కాగితపు ముక్కయే గనుక, అనుమానము తోచినపుడు చదివివేయుమని మేము చెప్పెదము. సూత్రధారి పనికి పూనినవారు మాత్రము చుట్టలను విరివిగా పంచరాదు. ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లకు చెరియొకటి, అదియు వారి పట్టికలో నున్నది, చాలును.

ఇక తలిదండ్రుల ప్రశ్న. వారి భయము నిష్కారణము గాదు. ఏలయన, వ్రాసిన చుట్టకు మహిమ గలదను నమ్మకము మన యూళ్లలో ఆట గాదు. రాగిరేకుపైనో వెండిరేకుపైనో గళ్లు గీసి, బీజాక్షరములు చెక్కి, సన్నగా చుట్టి, తాయెత్తు గొట్టములో నుంచి, నల్లత్రాటితో బిడ్డ మెడకో మొలకో కట్టుట నెరుగని వీథి మన పట్టణమున లేదు. దానిని రక్షరేకందురు. ఇది ఒక మతమువారి సొమ్మనుకొనరాదు. 1979లో యెరూషలేము నగరము వెలుపల కెతెఫ్ హిన్నోము అను చోట, గాబ్రియేల్ బార్కాయ్ అను పండితుడు త్రవ్వించిన ప్రాచీన సమాధులలో రెండు చిన్న వెండిచుట్టలు దొరికినవి. పెద్దది విప్పిన పిదప 97 మిల్లీమీటర్ల పొడుగు, 27 మిల్లీమీటర్ల వెడల్పు. చిన్నది దానిలో సగము గూడ లేదు. విరుగకుండ విప్పుటకే సుమారు మూడు సంవత్సరములు పట్టెను. లోపల సంఖ్యాకాండము ఆరవ అధ్యాయములోని యాజకుల ఆశీర్వచనపు మాటలు చెక్కబడి యున్నవి. అవి క్రీస్తునకు పూర్వము ఏడవ శతాబ్దము చివరనో ఆరవ శతాబ్దము మొదటనో చేసినవని పండితుల నిర్ణయము. బైబిలు వాక్యములు గల వ్రాతలలో ఇంత ప్రాచీనమైనవి వేరు దొరకలేదు. క్రైస్తవులలోను ఈ వాడుక గలదు. నాలుగవ శతాబ్దమున అంతియొకయలో ప్రసంగించిన యోహాను క్రిసొస్తొము, తన కాలపు స్త్రీలు సువార్త ప్రతులను మెడలో వ్రేలాడదీయుటను ప్రస్తావించెను.

రక్షరేకును ఆటలోని చుట్టను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. రేకును కట్టుకొన్నవాడు చదువడు, విప్పి చదువుటకది చేయబడలేదు. ఆటలో చదువనిదే చుట్ట పనిచేయదు, చదువ నేర్వనివానికి అది ఉండియు లేనట్లే. రేకు పనిచేసినదా లేదా యని అడుగువాడు లేడు. జ్వరము తగ్గినచో రేకు మహిమ, తగ్గనిచో వేరొక కారణము. చుట్ట విషయమున పాచిక అందరి యెదుట పడును, నెగ్గినదో ఓడినదో పసివాడును చెప్పగలడు. అన్నిటికంటె ముఖ్యము, చుట్టకు బలమిచ్చునది బల్లచుట్టు కూర్చున్నవారి యొప్పందము. అందరును లేచి యిండ్లకు పోయిన పిదప అందు ఏ బలమును లేదు. ఈ సంగతి ఆడు పిల్లలకు తెలియును. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయమున ఎఫెసు పట్టణస్థులు తమ మాంత్రిక గ్రంథములను కాల్చిరి. వాటి వెల లెక్కింపగా ఏబదివేల వెండి నాణెములు. వారు కాల్చినది నమ్మినదానిని. మన బాలుడు పాచిక వేసి నవ్వుకొను చీటి ఆ రాశిలోనిది గాదని మేము తలంతుము. అమెరికాలో 1980 ప్రాంతములనుండి కొన్ని యేండ్లు క్రైస్తవ తలిదండ్రులు పలువురు ఈ యాటను గట్టిగా నెదిరించిరి. 1983లో దీనికై ఒక సంఘమే పుట్టెను. వారు ఆట పుస్తకములలోని దయ్యముల బొమ్మలను చూచి బెదిరిరి గాని, పిల్లలు బల్లయొద్ద చేయుచున్న పని యేమో కూర్చుండి చూచినవారు వారిలో తక్కువ. మన తలిదండ్రులు ఒక పూట కూర్చుండి చూడవలెనని మా మనవి.

మా భయము వేరొకచోట నున్నది. ఆటలో అర్చకురాలు చుట్ట చదువగనే విషము విరుగును. 2018వ సంవత్సరపు వానకాలమున దివిసీమ పొలములలో పాముకాట్లు మెండై, అవనిగడ్డ ఆసుపత్రికి పెక్కుమంది వచ్చిరి. నాట్లకు, కలుపునకు బురదలో దిగువారి పాదములే పాములకు అందును. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషమునకును మన దేశమున తయారగు విరుగుడు సూదిమందు ఒక్కటియే, అది యుండునది ఆసుపత్రిలో. కాటుపై కోయుట, నోటితో పీల్చుట, త్రాడు బిగించుట కీడు చేయును. కరచిన కాలిని కదలనీయక, రోగిని నడువనీయక, 108కి ఫోను చేసి వెంటనే చేర్చవలెను. మంత్రము వేయువాని యింటికి ముందు పోయి పిదప ఆసుపత్రికి పోవుటలో గడచు గంటయే ప్రాణములు తీయును, ముఖ్యముగా కట్లపాము కాటున. దాని కాటు నొప్పి లేకయుండును గాన ఏమియు కాలేదనుకొందురు, కొన్ని గంటలకు రెప్పలు వాలును, ఊపిరి యాడదు. బల్లయొద్ద విషపు చుట్టను చదివించు సూత్రధారి, ఆటకు విరామమిచ్చినపుడు ఈ నాలుగు మాటలు చెప్పినచో పది నిముషములు పట్టవు.

బల్లయొద్ద చుట్టను లెక్కపెట్టుటకు మేమెరిగిన సులభమైన పద్ధతి యిది. బెత్తెడు కాగితపు చీటిపై మంత్రము పేరు, తరగతి, ఏ వృత్తివారు చదువవచ్చునో వ్రాసి, చుట్టి, దారము కట్టి, దొరికినపుడు ఆటగాని చేతికీయవలెను. చదివెదనని అతడు గట్టిగా చెప్పువరకు దారము విప్పరాదు. చెప్పిన పిదప వద్దనుటకు వీలులేదు. విప్పి, చదివి, పాచిక వేసి, ఫలితము తేలగనే సూత్రధారి చీటిని తీసికొని చించివేయును. చించకుండ జేబులో వేసికొన్న చుట్ట, తరువాతి ఆదివారమునాడు ఎట్లో మరల బల్లమీదికి వచ్చును.